దేహమూ ఒక పాఠ్యాంశమే: నల్లగొండ, పాలమూరు బడుల నుంచి ఒక ప్రతిపాదన

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల బడుల్లో పనిచేసి గతించిన వ్యాయామోపాధ్యాయుల స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. సభలో ఉన్న ఉపాధ్యాయులు, అధ్యాపకులు, క్రీడాకారులు, పూర్వ విద్యార్థులు, విద్యాశాఖ బాధ్యులు అందరూ ఆ పరంపరతో ఏదో ఒక రీతిలో ముడిపడినవారే. ఆ గురువులు నేర్పిన విషయానికి విద్యావ్యవస్థలో ఏ స్థానం ఉందో, ఏ స్థానం దక్కాలో పరిశీలించడమే వారికి తగిన నివాళి. ఇక్కడ చేస్తున్న ప్రతిపాదన ఒక్కటే. పదో తరగతి తర్వాతి రెండేళ్ల ఇంటర్మీడియట్‌లో వ్యాయామ విద్య ఒక పూర్తిస్థాయి ఐచ్ఛిక పాఠ్యాంశం కావాలి. దానికి సిద్ధాంతం, ప్రయోగం, పబ్లిక్ పరీక్ష మూడూ ఉండాలి. ఆ అవసరం మిగతా ప్రాంతాలకంటే దక్షిణ తెలంగాణ మెట్టనేలకు ఎక్కువ.

తాలింఖానా నుంచి కళాశాల దాకా

దక్కనులో దేహసాధనకు బడి చదువుకంటే పాత చరిత్ర ఉంది. కుస్తీ, కర్రసాము, దండాలు, బస్కీలు తాలింఖానా అనే వ్యాయామశాలలో ఉస్తాదు దగ్గర శిష్యులు నేర్చుకునే విద్యలు. పల్లెల్లో చిర్రగోనె, కబడ్డీ, కోలాటం పిల్లల ఒంటికి చురుకును, ఒడుపును ఇచ్చాయి. ఏ వయసువాడు ఎంత సాధన చేయాలి, సాధన తర్వాత ఏం తినాలి, బెణికిన కీలును ఎట్లా చూసుకోవాలి అన్నది ఉస్తాదుకు తెలుసు. ఆ తెలివి అనుభవంగా మనిషి నుంచి మనిషికి చేరింది. పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు, కారణాలు అడిగి తేల్చుకునే శాస్త్రంగా ఎదగలేదు.

యూరపులో ఆ పని 19వ శతాబ్ది ఆరంభంలో మొదలైంది. జర్మనీలో ఫ్రీడ్రిక్ లుడ్విగ్ యాన్ 1811లో బెర్లిన్ వద్ద బహిరంగ వ్యాయామశాల తెరిచాడు. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్ నగరంలో ఒక కేంద్ర సంస్థను స్థాపించి, శరీర నిర్మాణ శాస్త్రం ఆధారంగా వ్యాయామాలను వరుస పెట్టాడు. భారతదేశపు బడులకు వలస పాలన ద్వారా చేరింది ప్రధానంగా డ్రిల్లు. వరుసలో నిలబడటం, ఆజ్ఞకు కదలడం అందులో ముఖ్యం; కదలిక వెనుక కండరం చేసే పని గురించి ప్రశ్న లేదు. పల్లె బడిలో వ్యాయామోపాధ్యాయుడు చాలాకాలం డ్రిల్లు మాస్టరుగానే మిగలడానికి మూలం అక్కడ ఉంది.

ఉపాధ్యాయుల శిక్షణతో ఈ స్థితి మారసాగింది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించాడు. 1931లో హైదరాబాదులో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు నిజాం రాజ్యపు జిల్లాలు కనుక ఇక్కడి బడులు కూడా ఆ రాజధాని విద్యావ్యవస్థలోనివే.

చదువుకున్న వ్యాయామోపాధ్యాయుడు ఏం చేయగలడో చూపిన పేరు హైదరాబాదు చరిత్రలోనే ఉంది. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోనూ, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలల్లోనూ పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందాక బడి ఆటల బాధ్యత స్వీకరించాడు. 1950 నుంచి మరణించే వరకు హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడిగా ఉన్నాడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరింది. బంతిని ఎక్కువసేపు కాలి వద్ద ఉంచుకోకుండా ఆడే పోటీలు పెట్టడం, బలహీనమైన కాలితోనే ఆడించడం ఆయన పద్ధతులు. ఒక నైపుణ్యాన్ని భాగాలుగా విడదీసి, లోపమున్న భాగాన్ని గుర్తించి, దానికి తగిన సాధన రూపొందించడం ఉపాధ్యాయుడు చేసే పని. రహీం 1963లో కన్నుమూశాడు. ఆయన పద్ధతుల్లోని ఆలోచనను పదహారేళ్ల విద్యార్థి తరగతిలో చదివే అవకాశం తెలంగాణ ఇంటర్మీడియట్‌లో నేటికీ లేదు.

నివేదికలు చెప్పినది, బడికి చేరినది

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన ముఖ్య విద్యా నివేదికల్లో వ్యాయామ విద్య ప్రస్తావన ఉంది. 1952-53 నాటి ముదలియార్ కమిషన్ 40 ఏళ్లలోపు ఉపాధ్యాయులందరూ విద్యార్థులతో కలిసి శారీరక కార్యక్రమాల్లో పాల్గొనాలని సూచించింది. 1957లో గ్వాలియర్‌లో లక్ష్మీబాయి వ్యాయామ విద్యా కళాశాల మూడేళ్ల డిగ్రీతో మొదలైంది. డిగ్రీ స్థాయిలో ఇది ఒక శాస్త్రమని దేశం అంగీకరించినట్లే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆరోగ్య, వ్యాయామ విద్యను ఉన్నత పాఠశాల వరకు తప్పనిసరి విషయంగా, ఆపైన ఐచ్ఛిక విషయంగా ఉంచాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, 6 నుంచి 8 తరగతుల్లో పిల్లల సంఖ్య 100 దాటితే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని నిర్దేశించింది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్య, సహపాఠ్య విషయాల మధ్య గట్టి గోడలు వద్దన్నది.

ఇన్ని సూచనలు కాగితం మీదనే ఎక్కువగా ఆగిపోవడానికి ఒక నిర్మాణపరమైన కారణం ఉంది. రాజ్యాంగంలో క్రీడలు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. విద్యను 42వ సవరణ ఉమ్మడి జాబితాలోకి మార్చింది. పాలనలోనూ ఆటలకు ఒక శాఖ, చదువుకు మరో శాఖ ఏర్పడ్డాయి. క్రీడాశాఖ పతకాలు తేగల కొద్దిమందిని వెతుకుతుంది. విద్యాశాఖ పరీక్ష ఉన్న విషయాలకు గంటలు కేటాయిస్తుంది. పతకం తేలేని, అయినా తన దేహాన్ని అర్థం చేసుకోవలసిన మామూలు విద్యార్థి రెంటి మధ్య మిగిలిపోయాడు.

రెండేళ్ల ఖాళీ

తెలంగాణ బడుల్లో పదో తరగతి వరకు ఆరోగ్య, వ్యాయామ విద్య సహపాఠ్య విషయం. బడిలోనే మూల్యాంకనం చేసి గ్రేడు ఇస్తారు. వ్యాయామోపాధ్యాయ శిక్షణకు డిగ్రీ తర్వాత బీపీఈడీ ఉంది, ఇంటర్మీడియట్ తర్వాత డీపీఈడీ ఉంది. ఈ రెంటికీ ప్రవేశ పరీక్ష పీఈసెట్. 2021లో ఆ పరీక్షను నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నిర్వహించింది, 2025లో మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం నిర్వహించింది. అందులో అభ్యర్థి పరుగెత్తాలి, దూకాలి, గుండు విసరాలి, ఒక ఆటలో నైపుణ్యం చూపాలి. రాత పరీక్ష లేదు. ప్రవేశానికి ముందు దశలో చదివిన పాఠ్యాంశమంటూ లేనప్పుడు రాత పరీక్షలో అడగడానికి కూడా ఏమీ ఉండదు.

ఆ ముందు దశే ఇంటర్మీడియట్. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలైంది, 1971లో దానికి బోర్డు ఏర్పడింది. 1986లో ఎంసెట్ వచ్చాక ఈ రెండేళ్లు క్రమంగా ప్రవేశ పరీక్షల తయారీ కాలంగా మారాయి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, ఎంఈసీ, హెచ్‌ఈసీ అనే ప్రధాన గ్రూపుల్లో వ్యాయామ విద్యకు చోటు లేదు. శరీరం వేగంగా మారే 16, 17 ఏళ్ల వయసులో, పొద్దున్నుంచి రాత్రి దాకా సాగే స్టడీ అవర్ల నడుమ, ఆటల పీరియడ్ కూడా చాలా కళాశాలల్లో కనుమరుగైంది.

అధ్యాపకులు లేరనడానికి వీల్లేదు. 2022 చివరలో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇంటర్మీడియట్ విద్యలో 91 ఫిజికల్ డైరెక్టర్ పోస్టులకు, సాంకేతిక విద్యలో 37 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అంటే జూనియర్ కళాశాలలో అర్హత గల మనిషికి పదవి ఉంది, బోధించడానికి పాఠ్యాంశం లేదు. కింది స్థాయిలో కొరత వేరు రకం. 2024 డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో మొత్తం 11,062 పోస్టుల్లో వ్యాయామోపాధ్యాయులకు (పీఈటీ) దక్కినవి 182. పబ్లిక్ పరీక్షలో లేని విషయానికి గంట దొరకదు. గంట లేని విషయానికి పోస్టులు పెరగవు.

పాఠ్యాంశంలో ఏముంటుంది

పదో తరగతి తర్వాతి స్థాయిలో వ్యాయామ విద్య అంటే రెండు గంటల ఆట అని చాలామంది తల్లిదండ్రులు భావిస్తారు. సీబీఎస్ఈ 11, 12 తరగతుల సిలబస్ చూస్తే ఆ భావన నిలవదు. అక్కడ సిద్ధాంతానికి 70 మార్కులు, ప్రయోగానికి 30. శరీర నిర్మాణం, శరీరధర్మం, కదలిక శాస్త్రం, జీవయాంత్రిక శాస్త్రం, క్రీడా మనోవిజ్ఞానం, పోషణ, యోగా, శిక్షణ పద్ధతులు, మాదకద్రవ్యాల నిషేధం, పోటీల నిర్వహణ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల వ్యాయామం అందులోని అధ్యాయాలు. ప్రయోగంలో దేహదారుఢ్య పరీక్షకు 6, ఆటలో నైపుణ్యానికి 7, యోగాసనాలకు 7, రికార్డుకు 5, మౌఖిక పరీక్షకు 5 మార్కులు.

ఇంగ్లండులో 1980ల నుంచి ఎ-లెవెల్ స్థాయిలో ఈ విషయానికి పరీక్ష ఉంది. ఇప్పుడు అక్కడ కూడా రాతకు 70 శాతం, ఆటకూ దాని విశ్లేషణకూ కలిపి 30 శాతం. విద్యార్థి తాను ఆడిన తీరును తానే పరిశీలించి, లోపానికి కారణం చెప్పి, సవరణ మార్గం ప్రతిపాదించాలి.

ఈ చదువు మిగతా శాస్త్రాలను పిల్లల అనుభవంలోకి తెస్తుంది. చిర్రగోనెలో గాలిలోకి లేచిన చిన్న పుల్ల దారి ప్రక్షేపక చలనానికి ఉదాహరణ. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడు నడుమును ఎందుకు దించుతాడో గరిమనాభి పాఠం చెబుతుంది. 600 మీటర్ల పరుగు తర్వాత నాడి ఎన్ని నిమిషాలకు మామూలు స్థితికి వస్తుందో నమోదు చేసి గ్రాఫు గీస్తే గణితమూ, శరీరధర్మ శాస్త్రమూ ఒకే పేజీ మీద కలుస్తాయి. బైపీసీ విద్యార్థి గుండె నిర్మాణాన్ని బొమ్మలో చదువుతాడు. వ్యాయామ విద్య చదివేవాడు తన గుండెనే ప్రయోగ సామగ్రిగా చూస్తాడు.

ఈ నేలకు ఈ చదువు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో తరాలపాటు ఫ్లోరైడ్ నీరు ఎముకలను తిన్నది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఫ్లోరైడ్ హానికరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చిన్న వయసులో అధిక ఫ్లోరైడ్ చేరితే పళ్లపై గార చారలు ఏర్పడతాయి. ఏళ్ల తరబడి చేరితే స్నాయువులు గట్టిపడి వెన్ను వంగుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగే వ్యాధిని వర్ణించారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. అది ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతిగానే ప్రసిద్ధి. శుద్ధజలం ఇంటింటికీ అందించే పథకానికి 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు.

ఇంత చరిత్ర ఉన్న జిల్లాలో ఎముక ఎట్లా పెరుగుతుంది, కాల్షియం దానిలో ఎట్లా చేరుతుంది, కీలు ఏ పరిధిలో కదులుతుంది అన్నది ప్రతి విద్యార్థి చదవదగ్గ విషయం. సీబీఎస్ఈ పాఠ్యాంశంలో దేహభంగిమ లోపాల పాఠం ఉంది. మోకాళ్ల వంకర, వెన్ను వంకర, చదునుపాదం, వాటికి సవరణ వ్యాయామాలు అక్కడ చదువుతారు. ఈ పాఠానికి నల్లగొండ కంటే దగ్గరి ఉదాహరణ మరొకటి దొరకదు. ముదిరిన ఫ్లోరోసిస్‌ను వ్యాయామం నయం చేయలేదు. నీరు, ఆహారం మారితే రాకుండా ఆపవచ్చు. ఏది నివారణ, ఏది చికిత్స, ఏది వట్టి ప్రచారం అని తేల్చుకునే శక్తి చదువు వల్ల వస్తుంది.

పాలమూరు కథ వేరు. వానలు నమ్మలేని మెట్టసాగు నుంచి బయటపడి గుంపు మేస్త్రీల వెంట ఊళ్లు విడిచిన పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, భవనాలు కట్టారు. వారి పెట్టుబడి ఒళ్లు మాత్రమే. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచాలా, మోకాళ్లు వంచాలా, తల మీద మోసే బరువు మెడ పూసలపై ఎట్లా పడుతుంది, ఎండలో పనిచేసేవాడు ఎంత నీరు తాగాలి, ఉప్పు ఎందుకు కావాలి అన్నవి జీవయాంత్రిక శాస్త్రంలో, శరీరధర్మ శాస్త్రంలో మొదటి పాఠాలు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ప్రాంతంలో వడదెబ్బ అధ్యాయానికి ప్రాణం విలువ ఉంది. కూలివాని బిడ్డ ఇంటర్మీడియట్‌లో ఈ పాఠం చదివితే ఆ తెలివి ఇంట్లో పెద్దల పనికి కూడా చేరుతుంది.

ఆహార పాఠం కూడా ఇక్కడ స్థానికమే. జొన్న రొట్టె, గట్క, అంబలి ఈ నేల తిండి. జొన్నలో పిండిపదార్థం, పీచు ఎంత, పప్పుతో కలిపితే మాంసకృత్తుల నాణ్యత ఎందుకు పెరుగుతుంది అన్న చర్చకు విదేశీ పొడుల డబ్బాలు అవసరం లేదు.

ఆడపిల్లల విషయం మరింత బరువైనది. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో అన్నిటికంటే తక్కువ. అట్లాంటి జిల్లాలో కళాశాల గడప తొక్కిన మొదటితరం బాలికకు రక్తహీనత, రుతుక్రమం, ఎముకల పటుత్వం గురించి గౌరవంగా, శాస్త్రీయంగా చెప్పే తరగతి అవసరం. పిల్లలు, మహిళలు, క్రీడలు అన్న అధ్యాయంలో సీబీఎస్ఈ రుతుక్రమం, ఎముకల పటుత్వం వంటి విషయాలను పాఠంగానే ఉంచింది. పరీక్షకు వచ్చే పాఠమైనప్పుడు వాటిని చదవడానికీ, ప్రశ్న అడగడానికీ సంకోచం తగ్గుతుంది.

సదుపాయానికి శిక్షణ తోడైతే ఫలితం ఎట్లా ఉంటుందో భువనగిరి కోట చూపింది. ఒకే రాతిగుట్ట మీద నిలిచిన ఆ కోట వద్ద, నాటి నల్లగొండ జిల్లాలో, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు రాళ్లెక్కడంలో తొలి శిక్షణ పొందారు. వారిలో నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలిలో ప్రాణవాయువు పీడనం తగ్గుతుంది. శరీరం దానికి అలవాటుపడటానికి దశలవారీ సాధన కావాలి. ఆ ప్రయాణంలో ప్రతి దశకూ శరీరధర్మ శాస్త్రం ఆధారం. గురుకులాలు ఒక శిఖరాన్ని చేరిన విద్యార్థులను తయారు చేశాయి. ఆ శిఖరం వెనుక ఉన్న శాస్త్రాన్ని వేలమందికి అందించేది పాఠ్యాంశమే.

అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనపై మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మార్కులు పెడితే ఆటలోని ఆనందం పోతుందన్నది మొదటిది. ఐచ్ఛిక పాఠ్యాంశం కోరుకున్నవారికే వర్తిస్తుంది. అందరికీ ఉండవలసిన ఆటల పీరియడ్ యథాతథంగా కొనసాగాలి. సాహిత్యం పాఠ్యాంశమైనందువల్ల కథలు చదివే అలవాటు అంతరించలేదు.

ఒంటి బలం పుట్టుకతో వచ్చేది కనుక దానికి మార్కులివ్వడం అన్యాయమన్నది రెండోది. ఇందులో నిజం ఉంది. అందుకే సిద్ధాంతానికి ఎక్కువ మార్కులుంటాయి. ప్రయోగంలో కూడా అంతిమ స్థాయి కంటే ఏడాదిలో సాధించిన మెరుగుదలను కొలిచే పద్ధతి ఉండాలి. దివ్యాంగ విద్యార్థికి అతని సామర్థ్యానికి తగిన ప్రయోగం ఉండాలి. వరంగల్ జిల్లా నుంచి వెళ్లిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. తగిన వర్గీకరణ ఉంటే సామర్థ్యం బయటపడుతుందనడానికి అది ఈ రాష్ట్రపు సాక్ష్యం.

ఉద్యోగం రాదన్నది మూడోది. వ్యాయామోపాధ్యాయ వృత్తి, ఫిజియోథెరపీ, క్రీడా పోషణ, శిక్షణ, పోటీల నిర్వహణ, పోలీసు, సైనిక నియామకాలు ఈ చదువుకు దగ్గరి దారులు. వీటికి వెళ్లే పల్లె విద్యార్థి నేడు పునాది చదువు లేకుండానే వెళ్తున్నాడు.

చేయవలసినవి

మొదటి అడుగుకు కొత్త సంస్థ అక్కరలేదు. చలకుర్తి, వట్టెం నవోదయ విద్యాలయాలు సీబీఎస్ఈ పరిధిలోనివి కనుక ఆ సిలబస్ ఈ జిల్లాలకు అపరిచితం కాదు. ఇంటర్మీడియట్ బోర్డు దాన్ని ముందుంచుకుని, ఫ్లోరోసిస్, వడదెబ్బ, శ్రమజీవుల దేహభారం, స్థానిక ఆటలు, స్థానిక ఆహారం చేర్చి తెలంగాణ సిలబస్ తయారు చేయవచ్చు. ఇంటర్మీడియట్ పుస్తకాలు ప్రచురించే తెలుగు అకాడమీ తెలుగులో పాఠ్యపుస్తకం తేవాలి. తెలుగులో మంచి పుస్తకం లేకపోతే ఈ విషయం పట్టణాల ఇంగ్లిషు మీడియం కళాశాలలకే పరిమితమవుతుంది.

రెండో అడుగు ప్రయోగాత్మక అమలు. ఫిజికల్ డైరెక్టర్, మైదానం రెండూ ఉన్న ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో, గురుకుల కళాశాలల్లో సీఈసీ, హెచ్‌ఈసీ, బైపీసీ విద్యార్థులకు దీన్ని ఐచ్ఛికంగా ఇవ్వాలి. ఫిజికల్ డైరెక్టర్లకు సిద్ధాంత బోధనలో శిక్షణనిచ్చే బాధ్యత మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు తీసుకోవచ్చు. ప్రవేశ పరీక్ష నిర్వహించిన సంస్థలకు అది అదనపు భారం కాదు.

మూడో అడుగు పై చదువుతో అనుసంధానం. ఈ పాఠ్యాంశం చదివినవారికి డీపీఈడీ ప్రవేశంలో ప్రాధాన్యం ఉండాలి. పీఈసెట్‌లో రాత పరీక్ష చేరాలి. ఉపాధ్యాయ విద్యా జాతీయ మండలి బీపీఈడీ అర్హతల్లో డిగ్రీలో వ్యాయామ విద్య చదివినవారిని ఇప్పటికే విడిగా గుర్తించింది. అదే గుర్తింపు ఒక మెట్టు కిందికి రావాలి.

దక్షిణ తెలంగాణ బడుల్లో వ్యాయామోపాధ్యాయులు చాలాకాలం ప్రార్థన వరుసలు సరిచేసేవారుగా, స్వాతంత్ర్య దినం నాటి కవాతు నడిపించేవారుగా, సెలవు పెట్టిన ఉపాధ్యాయుని తరగతి చూసుకునేవారుగా పనిచేశారు. వారికి విషయజ్ఞానం ఉంది. దాన్ని బోధించే గంట వ్యవస్థ ఇవ్వలేదు. ఇంటర్మీడియట్ బోర్డు వచ్చే సిలబస్ సవరణలో వ్యాయామ విద్యను ఐచ్ఛిక పాఠ్యాంశంగా చేర్చాలి. ఉపాధ్యాయ సంఘాలు, కళాశాల యాజమాన్యాలు, తల్లిదండ్రులు, రెండు విశ్వవిద్యాలయాలు కలిసి ఆ కోరికను ప్రభుత్వం ముందు ఉంచాలి.